మన క్యాంపులకు వచ్చిన టైరు బండి

ఈ ఉగాది సంచికకు ఏదైనా ఒక వ్యాసము వ్రాసి ఇమ్మని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను తప్పించుకొనుటకే చూచినాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి, రైల్వే గూడ్సు ఆఫీసులో రసీదులు వ్రాసుకొనేవాడికి చరిత్ర వ్యాసములేమిటి? అయినా ఆయన వదలలేదు. "పొద్దస్తమానం చక్రాల చప్పుడు మధ్య కూర్చుంటావు గదా, ఆ చక్రాల సంగతే వ్రాయవోయ్" అన్నారు. సరే, వ్రాస్తున్నాను. కాని రైలు చక్రమును గూర్చి కాదు. మన కుటుంబాలను ఈ రాయచూరు సీమలో నిలబెట్టిన రబ్బరు చక్రమును గూర్చి.

మన క్యాంపుల చరిత్ర ఎవరు చెప్పినా కాలువతోనే మొదలుపెడతారు. అది న్యాయమే. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న అటు మద్రాసు ప్రభుత్వమువారూ, ఇటు నిజాం ప్రభుత్వమువారూ ఎవరి ఒడ్డున వారు శంకుస్థాపన చేసినారు. 1953 జూలైలో కాలువలకు నీరు వదిలినారు. సుమారు 227 కి.మీ. సాగే ఎడమగట్టు కాలువ గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలకు నీరు తెచ్చినది. ఆ నీటిని వెతుక్కుంటూ కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి మన పెద్దలు వచ్చినారు. ఉన్న ఎకరమో రెండెకరాలో అమ్ముకొని, ఇక్కడ పదీ ఇరవై ఎకరాల రేగడి కొని, గుడిసెలు వేసుకొని, వాటికి క్యాంపులని పేరు పెట్టుకొన్నారు. ఇదంతా ఈ సంచికలు చదివేవారికి కొత్త కాదు.

అయితే కాలువ నీటిని తెచ్చినదే గాని, పండిన పంటను బయటకు చేర్చలేదు. ఆ పని ఎవరు చేసినారని ఎవరూ అడగరు. రైలా అంటే, రైలు రాయచూరులో ఉన్నది. బొంబాయి వైపు నుండి వచ్చిన జి.ఐ.పి. రైల్వే, మద్రాసు వైపు నుండి వచ్చిన మద్రాసు రైల్వే 1871లోనే ఇక్కడ కలుసుకొన్నవి. దేశములోని రెండు మహాపట్టణాలను కలిపిన ఆ కీలు మన రాయచూరే అని మా ఆఫీసులో మేము గొప్పగా చెప్పుకొంటాము. కాని సింధనూరు నుండి రాయచూరు స్టేషనుకు రావాలంటే తొంభై కి.మీ. దాకా మట్టి తొక్కవలసినదే. ఆ మట్టి సామాన్యమైనది కాదు.

రేగడిని గూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎండాకాలములో కాలు దూరేంత నెర్రెలు, వాన పడితే మోకాలి లోతు బంక. మా తాతగారు 1958లో తెనాలి వైపు నుండి వచ్చినారు. ఆడవారినీ పిల్లలనూ రైలెక్కించి, తాను మాత్రము ఎద్దుల బండిమీద నాగలి, గిన్నెలు, వడ్ల పాతర విత్తనాలు వేసుకొని కర్నూలు మీదుగా పన్నెండు రోజులు నడిచి మాన్వి తాలూకాకు చేరినారు. కోస్తా వడ్రంగి చేసిన బండి అది. ఆకులు, పూటీలు బాగా పండిన తుమ్మకర్రవి. చుట్టూ రెండంగుళాల ఇనుప పట్టా. పన్నెండు రోజుల దారిలో చెక్కు చెదరని ఆ చక్రము, ఇక్కడి పొలములో మొదటి వానకే ఇరుసు దాకా దిగిపోయినదట. ఇనుప పట్టా రేగడిని కత్తివలె కోస్తుంది. ఎద్దులు ఎంత గుంజితే అంత లోతుకు పోతుంది.

1961లో మా ఇంటికి జరిగిన నష్టము ఆ చక్రమువల్లనే. కల్లములో నూర్చిన వడ్లు పన్నెండు బస్తాలు బండికెత్తి తాతగారు మిల్లుకు బయలుదేరినారు. దారిలో అకాల వర్షము. కాలువగట్టు దిగేచోట కుడి చక్రము దిగబడినది. ఎద్దులను అదిలించగా అదిలించగా కుడి పక్క ఎద్దు మోకాళ్ళమీద పడి, కాలు విరిగి మరి లేవలేదు. రాత్రంతా వాన. తెల్లవారేసరికి బస్తాలలో వడ్లు ఉబ్బి మొలక వాసన కొట్టినవట. ఆ యేడు మిల్లువానికి ఇవ్వవలసిన బాకీ తీరలేదు. నాయనమ్మ మెడలోని నాంతాడు పోయినది. ఆ ఎద్దు పేరు రాముడు. నాయనమ్మ చివరిదాకా పండుగ పూట ఆ పేరు తలచుకొని కన్నీరు పెట్టుకొనేది.

మరుసటి సంవత్సరము తాతగారు అప్పు చేసి టైరు బండి కట్టించినారు. చెక్క చక్రాల స్థానములో ఇనుప ఇరుసు, దానికి బేరింగులు, గాలి నింపిన రెండు రబ్బరు టైర్లు. ఆ డబ్బుకు మంచి కోడెల జత వచ్చేదని నాయనమ్మ దెప్పేదట. ఊరివారు తమ బండిని చక్కడి అంటారు గదా, వారు దీనిని చూడ వచ్చి, మోటారు చక్రాలకు ఎద్దులను కట్టినాడని నవ్వినారట. ఒక పంటకాలము గడిచేసరికి నవ్వినవారిలో ఇద్దరు తమకూ కట్టించుకొన్నారు. కొత్త టైర్ల స్తోమతు లేనివారు లారీలకు వాడి తీసేసిన టైర్లు వేయించుకొనేవారు.

ఇక టైరు అనే మాటను గూర్చి ఒక ముచ్చట. ఆ మాట రబ్బరు పుట్టుకకంటె చాలా పాతది. ఇంగ్లీషులో అలంకారము, దుస్తులు అనే అర్థమున్న మాట నుండి అది వచ్చినదని పెద్దలు చెప్తారు. అనగా చక్రమునకు తొడిగిన చొక్కా అన్నమాట. మన కమ్మరి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చెక్క చక్రమునకు తొడిగి, పైన నీళ్ళు పోస్తాడు. పట్టా చల్లబడి కుంచించుకొని చక్రమును బిగించి పట్టుకొంటుంది. అదే అసలైన టైరు. మా రైలు చక్రాలకూ చాలాకాలము ఉక్కు టైర్లను ఇదే రీతిలో కాల్చి తొడిగేవారు. కాబట్టి మన ఊరి కమ్మరికీ రైల్వే వర్కుషాపు ఫిట్టరుకూ విద్య ఒకటే.

ఉక్కు చక్రము ఉక్కు పట్టామీద నడిచినంత తేలికగా ఇంకేదీ నడవదు. అందుకే ఒక్క ఇంజను అన్ని వ్యాగన్లను లాగుతుంది. కాని ఆ పట్టా ఉన్నంతవరకే దాని గొప్ప. పట్టా దిగితే అది ఒక్క అడుగు పోలేదు. రబ్బరు టైరు తన పట్టాను తానే పరచుకొంటూ పోయే చక్రము. నేల గట్టిగా ఉంటే గట్టిగా, మెత్తగా ఉంటే కొంచెము వెడల్పుగా ఒదిగి, బరువును ఎక్కువ చోటుమీదికి పంచుతుంది. లోపల బరువు మోసేది రబ్బరు కాదు, గాలి. రబ్బరూ గుడ్డా కలిసి ఆ గాలిని పారిపోకుండా పట్టుకొనే సంచి మాత్రమే. ఇది తెలిసిన తరువాత పంక్చరు వేసేవాని మీద నాకు గౌరవము పెరిగినది.

ఈ గాలి టైరును మొదట ఆలోచించినది రాబర్ట్ విలియమ్ థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు. 1845లోనే పేటెంటు పొందినాడు. అప్పటికి మోటారు లేదు, సైకిలూ సరిగా లేదు, కావున ఎవరికీ పట్టలేదు. మళ్ళీ 1888లో బెల్‌ఫాస్టు నగరములో జాన్ బాయిడ్ డన్లప్ దానిని కనిపెట్టినాడు. ఆయన ఇంజనీరు కాడు, పశువైద్యుడు. రాళ్ళు పరచిన వీధులలో మూడు చక్రాల సైకిలు తొక్కుతూ ఒళ్ళు హూనమవుతున్నదని కొడుకు గోల పెడితే, రబ్బరు గొట్టములో గాలి నింపి, గుడ్డ చుట్టి, చక్కచక్రమునకు బిగించినాడు. దానినీ పాత చక్రమునూ పెరటిలో దొర్లించి చూస్తే గాలి చక్రము చాలా దూరము పోయినదట. ఆ మరుసటి యేడు బెల్‌ఫాస్టు సైకిలు పందెములలో ఈ టైర్లు వేసినవాడే గెలిచినాడు. తరువాత థామ్సన్ పేటెంటు బయటపడి డన్లప్ పేటెంటు చెల్లలేదు గాని, పేరు మాత్రము డన్లప్‌దే నిలిచినది. పశువుల డాక్టరు కొడుకు కోసము చేసిన వస్తువు చివరకు మా తాతగారి ఎద్దుల మెడమీది పుండ్లను తగ్గించినది. ఆ మాట ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే సంతోషించేవాడు.

రబ్బరునే తీసుకొన్నా, పచ్చి రబ్బరు ఎండకు కరిగి చలికి పగులుతుంది. దానిని గంధకముతో కలిపి కాచితే గట్టిపడునని 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ కనుగొన్నాడు. ఆయన అప్పులలోనే 1860లో చనిపోయినాడు. ఆయన పేరు పెట్టుకొన్న పెద్ద టైర్ల కంపెనీ 1898లో పుట్టినది, దానితో ఆయనకు గాని ఆయన కుటుంబానికి గాని ఏ సంబంధమూ లేదు. పేరు ఒకరిది, డబ్బు ఒకరిది. మొదట్లో టైర్లు తెల్లగా ఉండేవి. బొగ్గు మసివంటి నల్లపొడి కలిపితే బాగా అరుగుదలకు ఆగునని తెలిసిన తరువాతనే నల్లబడినవి. లోపల వేసే పొరలు తొలినాళ్ళలో పత్తి గుడ్డవే. తరువాత రేయాన్, నైలాను, ఇప్పుడు ఉక్కు తీగ వచ్చినవి. పత్తి మార్కెట్టుకు పేరుపడిన రాయచూరువారికి ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయినాను.

ఇప్పుడు చెప్పబోయేదే నేను ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము.

టైరుకు కావలసిన రబ్బరు పాలు ఎక్కడివి? రబ్బరు చెట్టు బ్రెజిలు దేశపు అడవులది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు సుమారు 70,000 గింజలు లండనుకు తీసుకొని పోయినాడు. అక్కడ మొలిచిన మొక్కలను సింహళానికి, మలయాకు పంపినారు. మోటార్లు పెరిగినకొద్దీ మలయా అడవులు నరికి రబ్బరు తోటలు వేసినారు. ఆ తోటలలో పనికి మన దక్షిణాది నుండి కూలీలను ఓడలలో తీసుకొని పోయినారు. వారిలో అరవవారు ఎక్కువ. కాని తెలుగువారు కూడ వేలమంది గలరు, ముఖ్యముగా విశాఖపట్టణము, గోదావరి జిల్లాలవారు. తెల్లవారకముందే లేచి, చెట్టు బెరడును వంపుగా గీసి, చిప్ప కట్టి, పాలు పట్టి, మధ్యాహ్నానికి బిందెలలో మోసుకొని పోవుట వారి పని. 1938లో భారత ప్రభుత్వము ఆ కూలీ వలసను నిలిపివేసినది. అప్పటికే పోయినవారు అక్కడే స్థిరపడినారు. మలయాలోని తెలుగువారు 1955లో ఆంధ్ర సంఘము పెట్టుకొన్నారు. వారూ మనవలెనే ఉగాదికి చేరి పచ్చడి పంచుకొంటారు.

రెండవ ప్రపంచయుద్ధములో 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైనది. లోకానికి రబ్బరు ఇచ్చే తోటలలో చాలా భాగము వారి చేతికి చిక్కినవి. మన దేశములో టైర్లకు కంట్రోలు వచ్చినది. పెట్రోలు కరువుకు బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచిన ముచ్చట మీ ఇండ్లలో పెద్దలు చెప్పే ఉంటారు. అమెరికావారు రసాయనాలతో కృత్రిమ రబ్బరును పెద్దయెత్తున చేయుట అప్పుడే. ఇవన్నీ పుస్తకాలలో ఉన్నవి. తోటలలోని కూలీల గతి మాత్రము చాలామందికి తెలియదు. రబ్బరు కొనేవాడు లేక వారికి పనిపోయినది. జపానువారు వారిని వేలాదిగా పట్టుకొని పోయి సయాము నుండి బర్మాకు వేస్తున్న రైలు మార్గము పనిలో పెట్టినారు. అరవ, తెలుగు, మలయాళ కూలీలు వానలో, కలరాలో, తిండిలేక చనిపోయినారు. 1943 అక్టోబరులో ఆ లైను పూర్తి అయినది. దానికి మరణ రైలు మార్గమని పేరు వచ్చినది. ఆ లైనును గూర్చిన సినిమాలలో తెల్ల ఖైదీలు కనపడతారు. మనవారు కనపడరు. రైల్వే జీతము తింటున్న నాకు ఈ సంగతి మొదట తెలిసిన రోజున అన్నము సహించలేదు.

మా తాతగారి వంటి వలసవాడు రేగడిలో టైరు బండి తోలుకొనుటకు, సముద్రముల అవతల మరొక తెలుగు వలసవాడు చెట్టుకు గాటు పెట్టినాడు. ఇద్దరూ ఒకరి నొకరు ఎరుగరు.

మన దేశములో డన్లప్ కంపెనీవారు 1936లో కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున సాహగంజ్‌లో మొదటి టైర్ల ఫ్యాక్టరీ పెట్టినారు. కార్లు, లారీలు కొద్దిగా ఉన్న దేశములో కోటికి పైగా ఎద్దుల బండ్లు ఉన్నవి గదా, కాబట్టి పశువులు లాగే బండ్లకనే ప్రత్యేకముగా టైర్లు చేసినారు. ఉత్తరాదిలో టైరు బండికి డన్లప్ బండి అనే పేరు పడిపోయినది. ఇనుప పట్టాల బండికంటె ఇంచుమించు రెట్టింపు బరువు అదే జత ఎద్దులతో లాగవచ్చును. రోడ్డు కూడ చెడదు. లోపాలు లేకపోలేదు. ఇనుప చక్రానికి ముల్లు భయము లేదు, టైరుకు మన కాలువగట్ల సర్కారు తుమ్మ ముల్లు యమపాశము. తాతగారు పంపు, సొల్యూషను, రబ్బరు ముక్కలు ఒక రేకు డబ్బాలో పెట్టుకొని తిరిగేవారు. మరొక చిక్కు, అది తేలికగా దొర్లుతుంది గనుక పల్లములో ఎద్దులమీదికి వచ్చిపడుతుంది. బ్రేకు కట్ట వేయించక తప్పలేదు.

1959లో మద్రాసు దగ్గర అంబత్తూరులో డన్లప్‌వారిదే రెండవ ఫ్యాక్టరీ వచ్చినది. మద్రాసులోనే తిరువొత్తియూరులో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళె 1946లో పిల్లల బుడగలు చేయుటతో మొదలుపెట్టి, 1952లో పాత టైర్లమీద వేసే రబ్బరు పట్టీకి, అక్కడనుండి టైర్లకు ఎదిగినారు. అదే నేటి ఎం.ఆర్.ఎఫ్. సాహగంజ్ ఫ్యాక్టరీ మాత్రము యజమానులు మారి మారి, 2011లో మూతపడినది. పశువైద్యుని పేరుతో దేశానికి టైరు నేర్పిన చోటు అట్లా ముగిసినది.

బస్సుల సంగతి కొంచెము చెప్పి ముందుకు పోతాను. నిజాం రాజ్యములో 1932 జూన్‌లో ప్రభుత్వ బస్సులు మొదలుపెట్టినది మరెవరో కాదు, రైల్వేవారే. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ అని పేరు. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ ఆల్బియన్ బస్సులు స్కాట్లండు నుండి వచ్చినవి. థామ్సనూ అక్కడివాడే, డన్లపూ అక్కడ పుట్టినవాడే, ఆ దేశానికి చక్రాల జాతకమున్నది కాబోలు. రాయచూరు అప్పుడు ఆ రాజ్యములోనిదే. 1956లో మైసూరు రాష్ట్రములో చేరినది. ఉక్కు పట్టాల సంస్థ తానే రబ్బరు చక్రాలను నడిపిన ఆ కాలమును మా ఆఫీసులో ఎవరైనా బస్సును రైలుకు శత్రువన్నప్పుడల్లా నేను జ్ఞాపకము చేస్తుంటాను.

క్యాంపులలో టైరు బండ్ల కాలము ఇరవై ముప్పై యేండ్లు సాగినది. తరువాత ట్రాక్టర్లు వచ్చినవి. ఒక వింత చూడండి. రోడ్డుమీద ఇనుమును తరిమిన రబ్బరు, దమ్ము మడిలో ఓడిపోయినది. నీళ్ళ బురదలో టైరు జారుతుంది గనుక ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రాలు తగిలించినారు. ఆ చక్రాలతోనే రోడ్డెక్కి తారును దున్నిపోయే మన కుర్రవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. సింధనూరు, మాన్వి మిల్లుల బియ్యము లారీలమీద హైదరాబాదుకు, బెంగుళూరుకు పోవుట మొదలైనది. లారీలకు తోడు రోడ్డు ప్రక్కన పంక్చరు షాపులు వెలసినవి. మా వైపున చాలా షాపులు కేరళవారివి. రబ్బరు తోటలు గల రాష్ట్రమువారే రబ్బరుకు వైద్యమూ చేస్తున్నారు.

అరిగిన టైరుకు పైన కొత్త పొర వేసి వాడుట తప్పు కాదు. లోపలి పొరలు గట్టిగా ఉంటే అది బీదవానికి మేలే. కాని లోపల చచ్చిన టైరుకు పైన మెరుగు దిద్ది అమ్మేవారూ ఉన్నారు. 2009లో మా మేనత్త నాట్లకు పోయే ఆడవారితో కలిసి ట్రాక్టరు ట్రాలీలో కూర్చున్నది. ట్రాలీ టైర్లు నెల క్రితమే ఒక షాపులో గట్టివని చెప్పి అంటగట్టినవి. కాలువ వంతెన దాటగానే ఒకటి బాంబువలె పేలి ట్రాలీ ఒరిగినది. ఎవరికీ ప్రాణభయము లేకపోయినది గాని మా మేనత్త కుడి కాలు రెండుచోట్ల విరిగినది. ఇప్పటికీ కర్ర లేనిదే నడవలేదు. రాముడి కాలు విరిగినది ఇనుప చక్రానికి, మా మేనత్త కాలు విరిగినది రబ్బరు చక్రానికి. ట్రాలీలలో ఇప్పటికీ మన ఇండ్ల ఆడవారే కూర్చుంటున్నారు. కూర్చునే ముందు ఒక్కసారి వంగి చక్రమువైపు చూడమని ఆమె అందరికీ చెబుతూ ఉంటుంది. నవ్వేవారు నవ్వుతారు.

కాలువకు నీరు వచ్చిన 71 సంవత్సరాలకు, 2024లో, సింధనూరుకు రైలు వచ్చినది. ఆ వార్త చదివి నేను ఆఫీసులో అందరికీ మిఠాయి పంచినాను. ఆ 71 సంవత్సరాలూ ఆ ప్రాంతపు బియ్యము, ఎరువులు, పెండ్లి బృందాలు, పురిటి కేసులు అన్నీ టైర్లమీదనే పోయినవి. ఈమధ్య మన రాష్ట్రాలలో టైర్ల ఫ్యాక్టరీలు కూడ పెరిగినవి. సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారిది చాలా యేండ్ల నుండి ఉన్నది. 2020లో చిత్తూరు వైపు చిన్నపండూరులో అపోలోవారిది మొదలైనది. 2022లో విశాఖ దగ్గర అచ్యుతాపురములో జపానువారి యోకోహామా సంస్థ, ట్రాక్టర్లకు, పొలము పని యంత్రాలకు వేసే టైర్ల ఫ్యాక్టరీ తెరిచినది. ఏ విశాఖ జిల్లా నుండి మనవారు రబ్బరు పాలు తీయుటకు మలయాకు ఓడెక్కినారో, అదే విశాఖ ప్రక్కన.

మా తాతగారి టైరు బండిని 1994లో అమ్మినారు. కొన్నవాడు తొట్టినీ ఇరుసునూ తీసుకొని, అరిగిన టైర్లు వద్దన్నాడు. ఒకటి ఎట్లా పోయినదో తెలియదు. రెండవదానిని మా అమ్మ కోయించి గేదెకు కుడితి తొట్టిగా చేసినది. ఇప్పటికీ పెరటిలో ఉన్నది. దాని ప్రక్కన డన్లప్ అన్న అక్షరాలలో సగము మాత్రమే మిగిలినవి, మిగతావి గేదె నాలుకకు అరిగిపోయినవి.